నూగు పరిశ్రమ, నైలాన్ ధూళి

సోఫాలకు తొడిగే మఖమలు లాంటి బట్టల్లో కొన్ని మగ్గం మీద నేసినవి కావు. జిగురు పూసిన గుడ్డపై అతి పొట్టి పోగులను విద్యుత్ క్షేత్రం సాయంతో నిలువుగా నాటి తయారుచేసినవి. ఆ పోగులను పరిశ్రమలో ఫ్లాక్ అంటారు. తెలుగులో నూగు అనవచ్చు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో సంపన్నుల గోడ కాగితాలపై ఉన్ని పొడిని అంటించిన పాత పనితనానికి ఇది వారసురాలే గాని, 1935లో డూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కారొథర్స్ నైలాన్‌ను రూపొందించిన తరువాత ఉన్ని స్థానంలోకి క్రమంగా ప్లాస్టిక్ వచ్చి చేరింది.

కృత్రిమ నార ధూళి వల్ల శ్వాసకోశ వ్యాధి వస్తుందని పోర్చుగల్ వైద్యుడు పిమెంటెల్, ఆయన సహచరులు 1975లోనే ఏడుగురు రోగులను పరీక్షించి ప్రకటించారు. ఆ హెచ్చరికను పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 1990ల తొలినాళ్లలో కెనడాలోని ఆంటారియోలో, ఆ తరువాత అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, నూగు కర్మాగారాల పనివారికి దగ్గు, ఆయాసం మొదలై, గాలి గదుల మధ్యనుండే పలుచని కణజాలం వాచి ఊపిరితిత్తులు బిగుసుకుపోయే వ్యాధి బయటపడింది. కెనడాలో మొదట బూజు విషాన్ని అనుమానించారు. అసలు సంగతి కత్తిలో ఉంది: తిరుగుడు కత్తి నైలాన్ పోగులను కోసేటప్పుడు వాటి కొసలు తోకల్లా సాగి, ఆ తోకలు విరిగి, ఊపిరితిత్తుల లోతుకు చేరగలిగినంత సన్నని తునకలుగా గాలిలో కలుస్తాయి, పోగులన్నిటినీ ఒకే పొడవున తెగ్గొట్టే గిలటీన్ కత్తితో ఈ బెడద తక్కువ.

రోడ్ ఐలండ్ రోగులను పరిశీలించిన వైద్యుడు డేవిడ్ కెర్న్ 1997లో ఈ విషయాన్ని వైద్యుల సభలో వెల్లడించబోతే, రహస్య ఒప్పందం ఉందంటూ ఆ కర్మాగారపు కంపెనీ అడ్డుచెప్పింది. ఆయన నడిపిన వృత్తి వ్యాధుల విభాగాన్ని ఆసుపత్రి మూసివేసింది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. 1998లో వెలువడిన ఆయన బృందం పత్రంతో ‘ఫ్లాక్ వర్కర్స్ లంగ్’, అంటే నూగు పనివారి ఊపిరితిత్తి వ్యాధి, వైద్యశాస్త్రంలో స్థిరపడింది.

ప్లాస్టిక్ సన్నకణాలను సూచించే ‘మైక్రోప్లాస్టిక్’ అనే మాటను రిచర్డ్ థాంప్సన్ బృందం ప్రచారంలోకి తెచ్చింది 2004లో, అదీ సముద్రం గురించి. కర్మాగారం అప్పటికే చెప్పిన సాక్ష్యం ఆ చర్చలో చాలాకాలం వినిపించలేదు. 2022లో ఇంగ్లండులోని హల్ పరిశోధకులు 13 ఊపిరితిత్తి నమూనాలు పరీక్షించగా 11టిలో ప్లాస్టిక్ కణాలు కనిపించాయి. కణాలు ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్టు కాదు, ఇళ్లలోని ధూళి మోతాదు కర్మాగారపు ధూళితో సమానమూ కాదు. అయితే మోతాదు పెరిగితే ఏం జరుగుతుందో తెలిపే సాక్ష్యం మాత్రం నూగు పనివారి శరీరాల నుంచే, 2004కు ముందే, అందింది.