ఉన్మాదరోగులు – సంఘధర్మము



కాలు విరిగినవానిని చూచి జాలిపడుదుము. జ్వరపడినవానిని వైద్యునియొద్దకు గొనిపోవుదుము. మతి చలించినవానిని మాత్రము పిచ్చివాడని నవ్వుదుము. లేదా గాలి సోకినదని మంత్రగానిని పిలిపింతుము. ఈ భేదము మనలో నెట్లు నిలిచెనో నేడు కొంత మనవి చేసెదను.

మన ప్రాచీనులు ఉన్మాదమును వ్యాధిగనే గణించిరి. చరకసంహితయందు నిదానస్థానమునను చికిత్సాస్థానమునను దీనికి ప్రత్యేకాధ్యాయములు కలవు. వాతము, పిత్తము, కఫము, ఆ మూటి సన్నిపాతము, ఆగంతుక కారణము – వీనిచే నిది యైదు విధములని యచ్చట చెప్పబడినది. రోగిని మంచిమాటలతో నోదార్పవలెననియు కలదు. బంధించుట, భయపెట్టుట కూడ ఆ గ్రంథమందే యున్నవి. ఆ సంగతి దాచరాదు. మన పల్లెలలో ఓదార్పు మరుగుపడి బంధనమే మిగిలెను.

ఆంగ్లేయుల కాలమున మద్రాసు కీల్పాక్కులో 1871లో ఉన్మాదులకు ఆలయ మొకటి తెరవబడెను. 1912 నాటి చట్టము ననుసరించి, దిక్కులేక తిరుగు ఉన్మాదిని పోలీసులు పట్టి మేజిస్ట్రేటు నెదుట నిలుపుచుండిరి. నేరము చేయనివానికి నేరస్థుని దారియే గతి యయ్యెను. నిజాము రాజ్యపు మానసిక వైద్యశాల జాల్నాలో నుండెను. ఆ పట్టణము నేడు మహారాష్ట్రములోనిది. మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతపు బీదరైతు మతి చలించిన బిడ్డను వెంటబెట్టుకొని అంతదూరము పోగలుగుటెట్లు? కనుక పశువులపాకలోని గుంజయే ఆసుపత్రి, పలుపుత్రాడే మందు.

1953లో ఆ వైద్యశాల హైదరాబాదునకు, ఎర్రగడ్డకు మార్చబడెను. దూరము తగ్గెను, భయము తగ్గలేదు. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" నని బడిపిల్లలు ఒకరినొకరు ఎగతాళి చేసికొనుట ఉపాధ్యాయునిగ నేను పలుమారులు వింటిని. పిల్లలకు ఆ మాట పెద్దలు నేర్పినదే. రోగము కుదుర్చుచోటి పేరు తిట్టయినప్పుడు, ఆ పేరునకు వెరచి రోగమును దాచుకొను కుటుంబములు కలుగక మానునా?

1952లో పారిస్ నగరమున క్లోర్‌ప్రొమజీన్ అను మందును ఉన్మాదరోగుల కిచ్చి చూచిరి. పలువురు రోగులు నెమ్మదించిరి. మందులతో నీ వ్యాధి నణచవచ్చునను నమ్మకము లోకమునకు కలిగెను. ఇంచుమించు ఆ దినములలోనే అమృతసరపు మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్‌గారు ఆవరణములో గుడారములు వేయించి, రోగులతోపాటు వారి బంధువులకును బస కల్పించిరి. అయినవారు చెంతనుండి రోగిని చూచుకొనుట నేర్చి, వానిని వెంటబెట్టుకొని యిండ్లకు పోవుచుండిరి.

ఇట్లుండ, తమిళనాట ఎరవాడిలో 2001 ఆగస్టు 6వ తేదీ వేకువన ఒక పాక యంటుకొనెను. అందు సంకెలలతో కట్టబడిన రోగులు పారిపోలేక 28 మంది మరణించిరి. వారిని అచ్చట విడిచినవారు శత్రువులు కారు. నయమగునని నమ్మి తెచ్చిన కన్నవారు, తోబుట్టువులు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము పుట్టి, 2018 మే 29 నుండి అమలునకు వచ్చెను. మానసిక రోగిని గొలుసులతో కట్టుట నేడు నిషిద్ధము. బీదవారికిని దిక్కులేనివారికిని ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ చికిత్స పొందు హక్కు కలదు. 2022 నుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసి, వెల యేమియు లేక సలహా పొందవచ్చును.

గ్రామపెద్దలారా! చట్టము పట్టణమున వ్రాయబడును. పలుపుత్రాడు మాత్రము మన యూరి పాకలో నుండును. దానిని విప్పించువారు మీరే. తాయెత్తు కట్టించెదమని ఇంటివారు పట్టుపట్టిన కట్టించుకొననిండు. అది కట్టినందున వైద్యునియొద్దకు పోవుట మాననీయకుడు. చేతబడి చేసిరని ఇరుగుపొరుగువారిపై నింద పుట్టినచో మొదటనే అడ్డుపడుడు. నయమై తిరిగివచ్చినవానికి మునుపటి పని, మునుపటి పిలుపు దొరకునట్లు చూడుడు. రచ్చకట్టపై పెద్ద నవ్విన ఊరెల్ల నవ్వును. "వాడు రోగి, నవ్వకుడు" అని ఆ పెద్దయే యన్నచో, రాయి యెత్తిన పిల్లవాడును చేయి దించును.