ఐదు రిజిస్టర్లను కలిపిన జాలము

గుంతకల్లునుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున బేతంచెర్ల స్టేషను ఉన్నది. ఇచ్చటి నాపరాతి వ్యాపారి యొకరు ఢిల్లీకి పోయి రావలెననుకొందము. పోవుట అంత కష్టము కాదు. కంప్యూటర్లు రాని కాలమున తిరుగు ప్రయాణమునకు బెర్తు సంపాదించుటయే పెద్ద చిక్కు. ఏలననగా ఢిల్లీలో బయలుదేరు బండికి సంబంధించిన రిజిస్టరు ఢిల్లీలోనే ఉండెడిది. ఇచ్చటివారు టెలిగ్రాము ఇచ్చి కనిపెట్టుకొని ఉండవలెను. జవాబు వేళకు వచ్చుట ప్రయాణికుని అదృష్టము.

ఆ రిజిస్టరునకు నకళ్లు తీసి ఊరూర ఉంచరాదా అని విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న మంచిదే. కాని 24వ నంబరు బెర్తును ఒకే నిమిషమున సికింద్రాబాదులో ఒకరికి, ఢిల్లీలో మరొకరికి అమ్మినచో ఇద్దరును రైలులో పోట్లాడుకొందురు. కావున ఒక బెర్తునకు ఒకే లెక్క ఉండవలెను. ఆ లెక్క ఉన్నచోటికి ప్రశ్నయే పోవలెను. ఇట్లు దూరపు కంప్యూటర్లమధ్య ప్రశ్నను, జవాబును మోయు ఏర్పాటునే విస్తృత ప్రాంత జాలము, అనగా వైడ్ ఏరియా నెట్‌వర్కు అందురు.

కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్లను కలుపుటకు కొన్ని గజముల తీగె చాలును. తీగె మనది, గోడ మనది. అది స్థానిక జాలము. ఊరు దాటినంతనే ఏళ్లు, కొండలు, పరుల భూములు అడ్డమువచ్చును. అప్పుడు టెలిఫోనువారి లైన్లను అద్దెకు తీసికొనవలెను, లేదా ఉపగ్రహమును ఆశ్రయింపవలెను. (రైల్వేవారికి పట్టాలవెంట స్వంత లైన్లును కలవు. ఆ భాగ్యము అందరికిని లేదు.)

కంప్యూటరు రిజర్వేషను 1986 నాటికి ఢిల్లీలో నడువసాగినది. ఆ దశకము ముగియులోపల బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకును యంత్రములు వచ్చినవి. వచ్చినవేకాని, అవి ఐదు ద్వీపములు. వానిని కలుపుటకు రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము, అనగా క్రిస్, ‘కాన్సర్ట్’ అను ప్రోగ్రామును తయారుచేసినది. అది 1994లో మొట్టమొదట పనిలో పెట్టబడినది మన సికింద్రాబాదులోనే! 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రములును కలిసినవి.

ఇప్పుడు మన వ్యాపారి అర్జీ సంగతి చూతము. గుమాస్తా బండి నంబరు కొట్టగానే సికింద్రాబాదు యంత్రము, అది తన లెక్కలోనిది కాదని గ్రహించి, ప్రశ్నను ఢిల్లీకి పంపును. ఢిల్లీ యంత్రము బెర్తు కేటాయించి, దానిని మరెవ్వరికిని ఇవ్వకుండ గుర్తుపెట్టుకొని, జవాబు పంపును. టిక్కెట్టు ఇచ్చటనే అచ్చగును.

ప్రశ్నలో 150 అక్షరములున్నవనుకొనుడు. అక్షరమునకు 8 బిట్లు చొప్పున 1200 బిట్లు. ఆనాటి అద్దె లైన్లపై సెకనుకు 9600 బిట్ల వేగము సామాన్యము. కావున ఆ ప్రశ్న లైనును సెకనులో ఎనిమిదవ వంతు మాత్రమే వాడుకొనును. మిగిలిన కాలము ఇతరులది. టెలిఫోనులో ఇద్దరు మౌనముగా ఉన్నను లైను వారిదే. ఇచ్చట అట్లుకాదు. సమాచారమును చిన్న పొట్లములుగా కట్టి, ప్రతి పొట్లముపై చిరునామా వ్రాసి, ఒకే లైనుపై అందరివియు పంపవచ్చును. అమెరికాలో 1969లో ఆర్పానెట్ ఈ పద్ధతిపైననే ఆరంభమైనది.

లైను తెగినచో ఏమగును? సికింద్రాబాదు లెక్కలోని బండ్లకు టిక్కెట్లు ఎప్పటివలెనే దొరకును. ఢిల్లీ బండ్లకు మాత్రము ఆగవలెను. అందుచేతనే ముఖ్య కేంద్రములమధ్య రెండవ దారికూడ ఉంచుదురు.