ఒక భవంతి కోసం పుట్టిన పనిముట్టు

కథను వీడియో గేమ్‌గా మలచాలనుకునే వాళ్లకు ఇవాళ పనిముట్ల కొరత లేదు. ట్వైన్, రెన్‌పై, అడ్వెంచర్ గేమ్ స్టూడియో... అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. ఏది తెరిచినా ఒకే ఏర్పాటు కనిపిస్తుంది: ఆటను నడిపే యంత్రాంగం ఒక పక్క, కథ మరో పక్క. రాసేవాళ్లు యంత్రాంగం లోపలికి తొంగిచూడనక్కర్లేదు. ఈ విభజన వెనక ఎందరో మనుషుల శ్రమ ఉంది.

1970ల మధ్యలో విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్, భార్యతో విడిపోయాక దూరమైన తన కూతుళ్ల కోసం, కెంటకీలోని మామత్ గుహలను మాటలతో ఆటగా కట్టాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. ఆ ఆట స్ఫూర్తితో ఎం.ఐ.టి. కుర్రాళ్లు ‘జోర్క్’ తయారుచేశారు. 1979లో ఇన్ఫోకామ్ కంపెనీ పెట్టాక వాళ్లకో చిక్కొచ్చింది. మార్కెట్లో ఒక కంప్యూటర్‌కూ మరో కంప్యూటర్‌కూ పొత్తు లేదు. ప్రతిదానికీ ఆటను మళ్లీ రాయడం జరిగే పని కాదు. అందుకని అసలు లేని ఒక యంత్రాన్ని ఊహించి, ఆటలన్నీ దానికోసమే రాశారు. ఆ ఊహాయంత్రాన్ని ఏ కంప్యూటర్ మీద నడిపించగలిగితే ఆ కంప్యూటర్లో ఆటలన్నీ నడుస్తాయి. 1983లో బ్రిటన్‌లో గ్రేమ్ యాండిల్ చేసిన ‘ది క్విల్’ మరో అడుగు వేసింది. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా ఇంట్లో కూర్చుని మాటల ఆటలు కట్టుకోగలిగారు.

బొమ్మల ఆటల విషయంలో మలుపు ‘స్కమ్’ అనే పనిముట్టు. కాలిఫోర్నియాలోని లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ కలిసి ‘మేనియాక్ మాన్షన్’ అనే దెయ్యాలకొంప లాంటి ఆట మొదలుపెట్టారు. కమడోర్ 64 మీద నేరుగా అసెంబ్లీ భాషలో రాయబోతే పని ముందుకు సాగలేదు. ఎందుకో ఒక్క సన్నివేశం చూస్తే తెలుస్తుంది. భవంతిలో ఎడ్ అనేవాడు పెంచుకునే హ్యామ్‌స్టర్ ఒకటుంది. దాన్ని వంటింట్లోని మైక్రోవేవ్‌లో పెట్టొచ్చు. అయితే ఆడేవాళ్లు నడిపించగల ఏడుగురు పిల్లల్లో సిడ్, రేజర్ మాత్రమే ఆ ఘోరానికి ఒప్పుకుంటారు. మిగిలింది తీసుకెళ్లి ఎడ్ చేతిలో పెడితే ఇచ్చినవాళ్ల ప్రాణం పోతుంది. ఇలాంటి షరతులు గది గదికీ, వస్తువు వస్తువుకూ ఉన్నాయి. పైగా ఆడేవాళ్లు ఆ ఏడుగురిలో ఏ ముగ్గురితో ఆడతారో ముందే తెలియదు, డేవ్ ఒక్కడే ఖాయం.

సహోద్యోగి చిప్ మార్నింగ్‌స్టార్ సలహాతో, సాయంతో, ఆట కోసమే ఒక చిన్న భాష పుట్టింది. అదే స్కమ్. స్క్రిప్ట్ క్రియేషన్ యుటిలిటీ ఫర్ మేనియాక్ మాన్షన్ అన్నది దాని పూర్తి పేరు. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని పెంచి పోషించినవాడు ఎరిక్ విల్మండర్. ప్రతి వస్తువుకూ తన స్క్రిప్టు ఉంటుంది: తెరిస్తే ఇది జరగాలి, తోస్తే ఇది, ఇస్తే ఇది. అలాంటి స్క్రిప్టులు ఒకేసారి ఎన్నో నడుస్తాయి కాబట్టి, మనిషి గది దాటుతుంటే గోడగడియారం తన పాటికి తను కొట్టుకుంటుంది.

1987లో ఆట విడుదలైంది. ఒక్క భవంతి కోసం చేసిన ఆ పనిముట్టు పదేళ్లు బతికింది. దాని మీద పనిచేయడానికి వచ్చిన కొత్తవాళ్లకు ‘స్కమ్లెట్స్’ అని పేరు. వాళ్లలో టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ 1990 నాటి ‘మంకీ ఐలాండ్’ సంభాషణల్లో పెద్ద పాలు రాశారు. స్కమ్‌లో రాసిన మాట కాసేపట్లోనే తెరమీద కనిపిస్తుంది, నచ్చకపోతే వెంటనే మార్చొచ్చు. ఆ ఆటలోని హాస్యం అంత చురుగ్గా ఉండడానికి ఈ వెసులుబాటే సగం కారణమని నా నమ్మకం.

1997 తర్వాత కంపెనీ స్కమ్‌ను వదిలేసి త్రీడీ వైపు వెళ్లింది. అదే ఏడాది బ్రిటన్ కుర్రాడు క్రిస్ జోన్స్ ‘అడ్వెంచర్ గేమ్ స్టూడియో’కు పునాది వేశాడు. 2011లో వచ్చిన ‘జెమినై రూ’ అనే ఆట దానితో కట్టిందే. 2001లో లుడ్విగ్ స్ట్రిగియస్, విన్సెంట్ హామ్ ‘స్కమ్‌వీఎమ్’ మొదలుపెట్టారు. పాత ఆటల కథా ఫైళ్లను ముట్టుకోకుండా, యంత్రాంగాన్ని మాత్రం కొత్తగా రాశారు. కథ విడిగా ఉంది కాబట్టే అది సాధ్యమైంది. కమడోర్ నాటి ఆట ఇవాళ ఫోన్లో నడుస్తోందంటే అదే కారణం.

2009లో క్రిస్ క్లైమస్ చేసిన ట్వైన్‌లో పని ఇంకా తేలిక. పెట్టెలో కథ రాసి, ఒక మాట చుట్టూ జంట చదరపు బ్రాకెట్లు పెడితే, ఆ పేరుతో కొత్త పెట్టె పుట్టుకొస్తుంది. తయారైన ఆట మామూలు వెబ్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి తెలుగు ఒత్తులూ గుణింతాలూ చెక్కుచెదరవు. కథలు రాసే తెలుగువాళ్లు ప్రోగ్రామర్ కోసం ఎదురుచూడకుండా ఈ వారమే ఒక చిన్న ఆట మొదలుపెట్టొచ్చు.