ఊరి పొద్దు, రైలు గంట

నీటిపై తేలెడి చిన్న రాగిగిన్నె, దాని అడుగున సన్నని రంధ్రము. గిన్నె నిండి మునిగిన ఒక గడియ, అనగా 24 నిమిషములు. గడియకుడుక యని మన పెద్దలు పిలిచిన యీ సాధనమునకు పొరుగూరి సూర్యునితో పనిలేదు. ఉండవలసిన అవసరమును లేదు. ఎడ్లబండిపై తూర్పునకు దినమెల్ల ప్రయాణించినను పొద్దులో వచ్చు భేదము ఒక నిమిషమునకు అటునిటు. దానిని పట్టించుకొనువారెవరు?

ఈ నిశ్చింతను పోగొట్టినది రైలుబండి. 1853లో బొంబాయి నుండి ఠాణాకును, 1856లో మదరాసు రాయపురము నుండి ఆర్కాటు వైపునకును బండ్లు నడిచినవి. బొంబాయి పొద్దునకును మదరాసు పొద్దునకును అరగంట భేదము. మదరాసునకును కలకత్తాకును ఇంచుమించు 32 నిమిషములు. ఒకే పట్టాలపై రెండు బండ్లు ఎదురెదురుగా రావలసిన చోట, రెండు స్టేషన్ల గడియారములు రెండు మాటలు చెప్పినచో అది ప్రాణముల మీదికి వచ్చును. అందుచేత సుమారు 1870 నుండి దేశములోని రైళ్లకు మదరాసు కాలమే ప్రమాణమైనది. మదరాసు ఆ రెండు నగరములకు నడుమ నున్నది. 1792 నాటి నక్షత్రశాల అచ్చట కలదు. అచ్చట లెక్కించిన గంటను దూరములకు మోయుటకు తంతి సిద్ధముగా నున్నది. ఇట్లు రైలు చేరిన ఊరికెల్ల రెండు కాలములు ఏర్పడినవి: స్టేషనులో ఒకటి, ఇంటి ముంగిట మరియొకటి.

1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలము అమలునకు వచ్చినది. గ్రీనిచ్చి కాలమునకు అయిదున్నర గంటలు ముందున్న యీ కాలమునకు ఆధారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. అది మన కాకినాడకు సమీపముగా పోవుచున్నది. మదరాసువారు గడియారమును 9 నిమిషములు ముందునకు త్రిప్పిన చాలును. బొంబాయివారు 39 నిమిషములు త్రిప్పవలసి వచ్చినది. ఇచ్చటనే చిక్కు పుట్టినది. గంట పేరు మారలేదు గాని, మిల్లు కార్మికుడు పొద్దును బట్టి 39 నిమిషములు ముందుగా లేవవలెను. అదియును చలికాలపు వేకువను. ఆ జనవరిలోనే కార్మికులు నిరసనకు దిగిరి. వంగ విభజన జరిగి అప్పటికి మూడు నెలలైనను కాలేదు. ప్రభుత్వము ఏమి మార్చినను జనులు అనుమానించెడి కాలమది. కలకత్తా తన కాలమును 1948 వరకు, బొంబాయి 1955 వరకు విడువలేదు. దీనిని మొండితన మనువారు కలరు. మేమట్లు తలపము. గడియారమును వారు కాదనలేదు. తమ్మడుగక దానిని త్రిప్పినవారి నడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే.

మధ్యలో యుద్ధకాలమున, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, ఆ గంటను మరి యొక గంట ముందునకు జరిపిరి. ఈనాడు ప్రామాణిక కాలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీసియము పరమాణు గడియారములతో కాపాడుచున్నది. జేబులోని ఫోనునకు కీ ఇయ్యవలసిన పని కూడ లేదు.

అయినను సూర్యుడు ఆజ్ఞకు లోబడలేదు. మైకు ముందు మేము చెప్పెడి సమయము తెలుగునాట అందరకు ఒక్కటే. ఇచ్ఛాపురమున నడినెత్తికి వచ్చిన సూర్యుడు ఆదిలాబాదున నడినెత్తికి వచ్చుటకు మాత్రము ఇంచుమించు 25 నిమిషములు పట్టును. అస్సాము తేయాకు తోటలలో నేటికిని గడియారమును గంట ముందుంచి పని చేయుచున్నారు. తూర్పుకొసన తెల్లవారుట ముందుగదా!

పంచాంగకర్తలు సైతము ఊరి సూర్యోదయమును విడువలేదు. గడియలు, విఘడియల స్థానమున గంటలు, నిమిషములు అచ్చు వేసినను, ముహూర్తమునకు ఆ యూరి పొద్దే ప్రమాణము. అమెరికాలోని తెలుగువారికై ఆయా నగరముల సూర్యోదయమును బట్టి వేరుగా పంచాంగములు గణించుచున్నారు. ఆ లెక్క కంప్యూటరు వేయుచున్నది. అందుచేతనే ఒక్కొక్క యేట మన యింట పండుగ రేపనగా, అచ్చటి బిడ్డల యింట ముందటి తేదీకే అయిపోవుచున్నది.