కాత్యా దాచిన ఉద్యోగం

మా అమ్మ ట్రంకుపెట్టెలో అట్టలు ఊడిపోయిన సోవియట్ నవలలు ఉండేవి. చదువుకునే రోజుల్లో విశాలాంధ్ర దుకాణంలో చవగ్గా కొనుక్కున్నవి. "అక్కడి ఆడవాళ్ళకి మన బాధలు లేవే. చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, నచ్చినవాణ్ణి చేసుకుంటారు" అనేది అమ్మ. అందుకే యూనివర్సిటీలో మొదటిసారి 'మాస్కో కన్నీళ్ళను నమ్మదు' సినిమా చూసినప్పుడు, అమ్మ చెప్పిన ఆ ఆడమనిషే తెరమీద కనిపిస్తోందనుకున్నాను.

వ్లదీమిర్ మెన్షోవ్ తీసిన ఈ సినిమా 1980లో విడుదలైంది. సోవియట్ యూనియన్‌లో 8 కోట్లకు పైగా టిక్కెట్లు తెగాయి. 1981లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది. కథ 1958లో మొదలవుతుంది. కార్మికుల హాస్టల్లో ఉండే కాత్యా టీవీ కెమెరామన్ రుడోల్ఫ్‌ని ప్రేమించి మోసపోతుంది. బిడ్డని కని, రాత్రిళ్ళు చదువుకుంటూ, ఏడ్చి, అలారం పెట్టుకుని పడుకుంటుంది. ఆ అలారం మోగేసరికి దాదాపు ఇరవై ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. ఇప్పుడామె పెద్ద ఫ్యాక్టరీకి డైరెక్టర్. అప్పుడు లోకల్ రైల్లో గోషా పరిచయమవుతాడు. అతను ఫిట్టరు.

రెండు ప్రేమల్లోనూ కాత్యా నిజం దాస్తుంది. మొదటిసారి స్నేహితురాలి సలహాతో ప్రొఫెసర్ కూతురినని చెప్పుకుంటుంది. ఉత్త కార్మికురాలని తెలిశాక రుడోల్ఫ్ మొహం చాటేస్తాడు. రెండోసారి డైరెక్టర్‌నన్న సంగతి గోషాకి చెప్పదు. భార్య హోదా, జీతం భర్తకన్నా ఎక్కువుంటే అది సంసారమే కాదని అతని నమ్మకం మరి. నిజం తెలియగానే అతనూ వెళ్ళిపోతాడు, తాగుతూ కూర్చుంటాడు. చివరికి స్నేహితురాలి భర్త వెతికి తీసుకొస్తాడు. గోషా సూపు తాగుతుంటే కాత్యా ఎదురుగా కూర్చుని కన్నీళ్ళతో చూస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏడ్చాను, అతను తిరిగొచ్చాడన్న ఆనందంతో.

రుడోల్ఫ్ అంత తేలిగ్గా ఎలా తప్పుకోగలిగాడు? ఈ ప్రశ్న నాకు చాలా ఏళ్ళ తర్వాత, చట్టాల చరిత్ర చదివాక తట్టింది. 1944 జూలై శాసనం ప్రకారం పెళ్ళి రిజిస్టరు కాని స్త్రీకి బిడ్డ తండ్రి ఎవరో కోర్టులో తేల్చమనే హక్కు గానీ, అతన్నుంచి భరణం అడిగే హక్కు గానీ లేవు. యుద్ధంలో కోట్లమంది చనిపోయాక జననాలు పెంచాలనుకున్న రాజ్యం, పెళ్ళి బయట కన్న తల్లికి కొద్దిపాటి భృతి ఇచ్చి తండ్రికి పూర్తి విముక్తి ఇచ్చింది. 1968 దాకా ఇదే పద్ధతి. కాత్యా కన్నీళ్ళ వెనక ఈ శాసనం ఉంది. సినిమా మాత్రం ఆ మాట ఎత్తకుండా దాన్నంతా ఆమె పట్టుదల కథగా చెబుతుంది.

అంతకుముందు ఇలా లేదు. 1920లోనే గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన దేశమది. 1926 కుటుంబ చట్టం రిజిస్టరు కాని సహజీవనాన్ని కూడా గుర్తించింది. ఆ మరుసటి ఏడాది ఆబ్రం రూమ్ 'మూడో మెష్చాన్‌స్కయా వీధి' అనే మూకీ చిత్రం తీశాడు. ఒకే గదిలో భార్య, భర్త, భర్త స్నేహితుడు. ల్యూదా ఇద్దరితోనూ బతుకుతుంది, ఇద్దరికీ చాకిరీ చేస్తుంది. ఆమె గర్భవతి అయితే, తండ్రి ఎవరో తెలియదు కాబట్టి గర్భం తీయించుకోమని ఇద్దరూ ఒక్కటై తీర్మానిస్తారు. ఆమె ఆస్పత్రిదాకా వెళ్ళి, మనసు మార్చుకుని, ఒంటరిగా రైలెక్కి మాస్కో వదిలిపోతుంది. ఇందులో భర్త వేషం వేసిన నికొలాయ్ బతలోవ్, గోషాగా నటించిన అలెక్సేయ్ బతలోవ్‌కి స్వయానా పెదనాన్న. పెదనాన్న సినిమాలో ఆడది రైలెక్కి బయటపడింది. అబ్బాయి సినిమాలో రైల్లోనే మొగుణ్ణి వెతుక్కుంది. 1936లో గర్భస్రావంపై నిషేధం, 1944 శాసనం, ఈ రెంటి మీదుగా సాగింది ఆ రైలు ప్రయాణం.

మధ్యలో 1967లో కీరా మురాతొవా 'కొద్దిపాటి కలయికలు' తీసింది. నీటి సరఫరా చూసే అధికారిణి వలెంతీనా పాత్ర తనే వేసింది. వలెంతీనా ప్రేమించిన మక్సీమ్‌నే ఆ ఇంట్లో పనికి కుదిరిన నాద్యా కూడా ప్రేమిస్తుంది. చివర్లో అతనొస్తున్నాడని తెలిసి నాద్యా బల్లమీద ఇద్దరికీ పళ్ళేలు సర్ది, నారింజలు పెట్టి, అందులోంచి తనకోసం ఒకటి తీసుకుని వెళ్ళిపోతుంది. ఈ సినిమాని త్వరలోనే పక్కన పడేశారు. పెరిస్త్రోయికా కాలంలో గానీ బయటికి రాలేదు. ఆడది బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూసిన సినిమాకి కోట్ల టిక్కెట్లు, బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళిన సినిమాకి ఇరవై ఏళ్ళ చీకటి.

ఇదంతా విమర్శకురాలిగా రాయడం నాకు సులువే. కానీ ఒక విషయం చెప్పకపోతే నేనూ కాత్యాలాగే దాచినదాన్నవుతాను. మా పెళ్ళి శుభలేఖ ప్రూఫు వచ్చినప్పుడు నా పేరు పక్కన ఎం.ఎ., పిహెచ్.డి. అని ఉంది, అతని పేరు పక్కన బి.కాం. ఎవరూ ఏమీ అనలేదు. ఎర్ర పెన్ను తీసుకుని నా డిగ్రీలు నేనే కొట్టేశాను. పైగా, శుభలేఖలో డిగ్రీలేమిటి, భూస్వామ్య ఆడంబరం కాకపోతే, అని నాకు నేను సిద్ధాంతం కూడా చెప్పుకున్నాను. అతని పేరు పక్కనున్నది మాత్రం కొట్టేయలేదు.

ఈ వ్యాసం చిత్తుప్రతి మొన్న అతనికే మొదట చదవమని ఇచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ప్రూఫులో నువ్వు కొట్టేసింది చూశాను. నాకు హాయిగానే అనిపించింది, అందుకే అడగలేదు" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో మా మధ్య ఆ మాట రావడం అదే మొదటిసారి. గోషా తిరిగొచ్చి సూపు తాగాడు గానీ, ఎందుకు వెళ్ళిపోయాడో కాత్యా అడిగినట్టు ఆ సినిమాలో ఎక్కడా లేదు. ఆ రాత్రి మేమిద్దరం అన్నం చల్లారిపోయేదాకా కూర్చుని దాని గురించే మాట్లాడుకున్నాం.