జ్ఞాపకమునకు వెల
1995లో నెట్‌స్కేప్ సంస్థ వెలువరించిన ఎస్.ఎస్.ఎల్. పద్ధతిలో, రహస్య సంభాషణకు ముందు రెండు కంప్యూటర్లు పరిచయము చేసికొనవలెను. ఇందలి లెక్కల భారము సర్వరుపై హెచ్చు. వేలమంది ఒక్కసారి వచ్చినచో అది తడబడును. అందుచే ఒకసారి కుదిరిన రహస్యమును సర్వరు జ్ఞాపకముంచుకొని, అదే కంప్యూటరు మరల వచ్చినపుడు ఆ లెక్కను తప్పించుకొనును. కాని జ్ఞాపకస్థలము పరిమితము. పైగా పలు సర్వరులున్నచో, ఒకదాని జ్ఞాపకము వేరొకదానికి తెలియదు.

2006లో చీటీ పద్ధతి వెలువడినది. ఇందు సర్వరు ఆ రహస్యమును తన తాళపుచెవితో గుప్తలిపిలో బంధించి, చీటీగా వచ్చిన కంప్యూటరునకే ఇచ్చును. స్థలము మిగిలినది, కాని ఆ తాళపుచెవి దొంగలపాలైనచో, వారు ముందే పట్టి దాచిన సంభాషణలన్నియు బయటపడును.

ఎస్.ఎస్.ఎల్.కు వారసురాలైన టి.ఎల్.ఎస్. 1.3 పద్ధతి 2018లో వచ్చినది. పునఃపరిచయమునందును క్రొత్త రహస్యమును కల్పించు లెక్కకు ఇది చోటిచ్చి, ఆ ముప్పును తగ్గించినది. వేగము ఊరక లభింపదు. స్థలమో, శ్రమయో, భద్రతయో దాని వెలయని విద్యార్థులు గ్రహింతురు గాక!