బయానా, మగ్గం, కంపెనీ: తెలుగు తీరంలో పని అప్పగింత లాభనష్టాలు

ఒక సంస్థ తన పనిని ఒప్పందంపై బయటివారికి అప్పగించడాన్ని నేడు అవుట్‌సోర్సింగ్ అంటున్నాం. మాట కొత్తదే గాని పద్ధతి పాతదే. 17, 18 శతాబ్దాలలో యూరపు కంపెనీలు తెలుగు తీరంలో బట్టలు సేకరించిన విధానం ఇందుకు మంచి నిదర్శనం. ఇందులో లాభం ఎవరికి దక్కింది, నష్టభయాన్ని ఎవరు మోశారు అనే ప్రశ్నలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. సేకరణ విధానం

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం చేరారు. ఆగ్నేయాసియాలో సుగంధ ద్రవ్యాలు కొనడానికి వారికి ఇక్కడి బట్టలు అవసరమయ్యాయి. తరువాత యూరపులోనూ వీటికి గిరాకీ పెరిగింది. కంపెనీలు సొంతంగా మగ్గాలు పెట్టలేదు. నమూనా, కొలత, ధర, గడువు నిర్ణయించి స్థానిక వర్తకులకు బయానా ఇచ్చేవి. ఆ సొమ్ము దళారుల ద్వారా నేతగాళ్లకు చేరేది. దానితో వారు నూలు కొని, బట్ట పూర్తయ్యేవరకు ఇల్లు గడుపుకొనేవారు. వచ్చిన బట్టను గిడ్డంగిలో నమూనాతో పోల్చి, నాణ్యత తగ్గితే ధర కోసేవారు, లేదా తిప్పి పంపేవారు.

2. ప్రయోజనాలు

కంపెనీకి మగ్గాలపై పెట్టుబడి తప్పింది. ఊరూరా ఉన్న నేతగాళ్లతో నేరుగా వ్యవహరించే పని లేకపోయింది. బాకీకి వర్తకుడే జవాబుదారీ. నేతగాళ్లకు పెట్టుబడి, దూరదేశాల మార్కెట్టు దొరికాయి. కొనేవారి మధ్య పోటీ ఉన్నంతకాలం ఒకరి ధర నచ్చకపోతే బయానా తిరిగి ఇచ్చి మరొకరికి నేసే వీలుండేది. వారి బేరమాడే శక్తికి ఆధారం ఇదే.

3. నష్టభయాలు

కరవు వచ్చి బియ్యం, నూలు ధరలు పెరిగినా ఒప్పంద ధర మారదు. ఆ తేడా నేతగాడిపైనో వర్తకుడిపైనో పడేది. కంపెనీకీ చిక్కులున్నాయి: బయానా మునగవచ్చు, నాణ్యత తగ్గవచ్చు, ఒకే వర్తకుడిపై ఆధారపడవలసి రావచ్చు. మద్రాసులో 1680లో మరణించిన కాశీ వీరన్న అలాంటి ప్రధాన వర్తకుడు. ఆయన తరువాత కంపెనీ వర్తకులను ఉమ్మడి పెట్టుబడి సంఘంగా కూర్చి, ఆ భయాన్ని తగ్గించుకోజూసింది.

4. కొనుగోలుదారే పాలకుడైనప్పుడు

బెంగాలులో కంపెనీ 1753లో వర్తకులను తప్పించి గుమాస్తాలను నియమించింది. తెలుగు తీరంలో 1765 మొఘల్ ఫర్మానా, 1766 నిజాము ఒడంబడికలతో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. బయానా పద్ధతి కొనసాగింది గాని దాని స్వభావం మారింది. ఇతరులకు నేయరాదనే ఒత్తిడి పెరిగింది. బాకీ వసూలుకు ఇప్పుడు అధికారం తోడైంది. నేతగాళ్లు విన్నపాలు పెట్టుకున్నారు, మగ్గాలు ఆపారు, ఊళ్లు విడిచారు. 1813 చట్టం భారత వాణిజ్యంలో కంపెనీ గుత్తాధిపత్యాన్ని తొలగించింది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే ముగిసింది. కంపెనీ తప్పుకోగలిగింది. మగ్గం తప్ప మరో జీవనాధారం లేని నేతగాడు మాత్రం యంత్రపు బట్ట పోటీకి ఎదురుగా నిలబడవలసి వచ్చింది.

5. సారాంశం

పని అప్పగింత దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. నేసేవానికి మరో కొనుగోలుదారు ఉన్నప్పుడు అది బతుకుతెరువు, లేనప్పుడు కట్టుబానిసత్వానికి దగ్గరి దారి. నేటి సాఫ్ట్‌వేర్ ఒప్పందాన్నైనా, కార్యాలయాల్లోని పొరుగుసేవల ఉద్యోగాన్నైనా అంచనా వేసేటప్పుడు ఎంత ఖర్చు తగ్గిందన్నదొక్కటే చాలదు. ఒప్పందం నుంచి తప్పుకొనే స్వేచ్ఛ ఎవరికి ఉందో కూడా చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బయానా పద్ధతి వల్ల కంపెనీకి, నేతగాళ్లకు కలిగిన ప్రయోజనాలను పోల్చండి.
2. 1766 తరువాత నేతగాళ్ల బేరమాడే శక్తి ఎందుకు తగ్గిందో వివరించండి.